పిన్ చేసిన ముఖం

2020 నవంబర్ 9, సోమవారం

ఈ డైరీ నాన్న పనిచేసే నాపరాయి పాలిషింగ్ యూనిట్ వాళ్లు జనవరిలో ఇచ్చారు. పది నెలలుగా ఖాళీగా పడి ఉంది. ఈరోజు రాయాల్సిన పని పడింది.

కెమిస్ట్రీ క్లాసులో నిద్రపోయాను. కెమెరా ఆన్‌లో ఉంది. కెమెరా ఆఫ్ చేస్తే అటెండెన్స్ లేదని శ్రీకాంత్ సార్ రూల్. మధ్యాహ్నం కడుపు నిండా పప్పన్నం తిని, చాప మీద పడుకుని, దిండుకు ఫోన్ ఆనించి వింటున్నాను. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు. నోరు తెరుచుకుని, చొంగ కార్చుకుంటూ, రికార్డు బుక్కు మీద చెంప పెట్టి పడుకున్న నన్ను అంకిత స్క్రీన్‌షాట్ తీసింది. స్టిక్కర్ చేసింది. కింద 'గుడ్ నైట్ ఫ్రెండ్స్' అని రాసి క్లాస్ గ్రూపులో పెట్టింది.

గ్రూపులో అరవై నాలుగు మంది. సాయంత్రానికి అందరి ఫోన్లలోకి పోయింది. నాకు తెలియని సీనియర్ ఒకడు కూడా పంపాడు.

వేరే ఎవరైనా చేసి ఉంటే ఇంత మండేది కాదు. లాక్‌డౌన్ ముందు ఇద్దరం తాండూరు నుంచి వికారాబాద్ కాలేజీకి ఒకే రైల్లో పోయేవాళ్లం. సీటు దొరికితే బ్యాగు పెట్టి నాకోసం ఆపేది. వాళ్ల నాన్న రాజేశం గారి దాల్ మిల్లులోనే మా అమ్మ పప్పు చెరుగుతుంది. మిల్లు వాళ్లింటి పిల్ల అని నేనెప్పుడూ తనను దూరం పెట్టలేదు. తనే నన్ను నవ్వులపాలు చేసింది.

అమ్మకు చెప్పలేదు. చెప్పను కూడా.

నవంబర్ 10

అంకిత మాత్రం నిద్రపోదా? పోతుంది. ఏదో ఒకరోజు, ఏదో ఒక క్లాసులో. ఆ ఒక్క నిమిషం నాకు కావాలి.

జూమ్‌లో తన ముఖాన్ని పిన్ చేశాను. ఇక సార్ కనిపించరు, బోర్డు కనిపించదు. అంకిత ఒక్కతే, ఫోన్ నిండా.

నవంబర్ 14, శనివారం

ఎదుటి మనిషి కునుకు పట్టుకోవాలంటే ముందు నేను మేలుకోవాలి. నాలుగు రోజుల్లో రెండుసార్లు నాకే కన్ను అంటుకుంది.

ఇంటి నుంచి చదివేవాళ్లు ఆరోగ్యంగా ఎలా ఉండాలో శ్రీకాంత్ సార్ ఒక పీడీఎఫ్ పంపారు. ఎవరూ తెరిచి ఉండరు. నేను మూడుసార్లు చదివాను. పడుకుని వినొద్దు. రోజూ ఒకే చోట, ఒకే టైముకు కూర్చోవాలి. పొద్దున నడవాలి. మధ్యాహ్నం తక్కువ తినాలి. నీళ్లు తాగాలి. ఇరవై నిమిషాలకోసారి దూరంగా ఉన్నదాన్ని చూడాలి.

అన్నీ చేస్తాను. ఆరోగ్యం కోసం కాదు.

నవంబర్ 26

ఐదున్నరకు లేస్తున్నాను. స్టేషన్ దాకా నడిచి వస్తున్నాను. మధ్యాహ్నం అన్నం మానేశాను, ఒక జొన్నరొట్టె, కూర. అమ్మ భయపడి ఒంట్లో బాగలేదా బిడ్డా అని నుదురు పట్టి చూసింది. టేబుల్ కావాలని అడిగితే నాన్న యూనిట్‌లో అంచులు విరిగిన నాపరాళ్లు తెచ్చి గోడకు పేర్చాడు. నడుము ఎత్తుకు వచ్చింది. నిలబడి వింటున్నాను. నిలబడ్డ మనిషికి నిద్రెలా వస్తుంది?

దూరంగా చూడమన్నారు కదా. మా గుమ్మంలోంచి దూరంగా చూస్తే రాజేశం గారి మిల్లు రేకులే కనిపిస్తాయి. వాటినే చూస్తున్నాను. కళ్లకు రెస్టు, పగకు మేత.

నవంబర్ 30

అంకిత ఆవలించింది. అర సెకను ఆలస్యమయ్యాను.

డిసెంబర్ 5

ఇంటర్నల్‌లో నాకు ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి. నిరోషాను చూసి నేర్చుకోండి అని సార్ క్లాసులో అన్నారు. వెంటనే గ్రూపులో ఎవడో నా స్టిక్కర్ పెట్టాడు. నవ్విన నాపచేనే పండుతుందంటారు. పండితే చాలదు నాకు, నవ్వినవాళ్ల చేను ఎండాలి.

డిసెంబర్ 14, సోమవారం

దొరికింది. నిద్ర కాదు, అంతకన్నా పెద్దది.

వారం రోజులుగా ఏదో తేడాగా ఉంది. తల నిటారుగా పెట్టుకుని బుద్ధిగా వింటోంది. ఆవలింత లేదు, పక్కచూపు లేదు. మధ్యలో వాళ్లమ్మ పుష్పమ్మ గారు హారతి పళ్లెం పట్టుకుని వెనక నుంచి వెళ్తారు. భక్తి ఎక్కువ అనుకున్నాను. ఈరోజు మళ్లీ వెళ్లారు. మళ్లీ వెళ్లారు. ఫోన్లో టైమర్ పెట్టాను. సరిగ్గా పద్నాలుగు నిమిషాలకోసారి. అదే చీర, అదే అడుగు, గుమ్మం దగ్గర అదే చేత్తో కొంగు సర్దుకోవడం. మూడు గంటల్లో పన్నెండు హారతులు. ఏ దేవుడికమ్మా ఇన్ని?

అది అంకిత కాదు. అంకిత వీడియో. ఒకసారి రికార్డు చేసి లాప్‌టాప్‌లో తిప్పుతోంది. పార్టిసిపెంట్స్ లిస్టులో చూస్తే అంకిత పేరు రెండుసార్లు ఉంది. ఒకటి లాప్‌టాప్, ఇంకొకటి ఫోన్. సార్ పేరు పిలిస్తే ఫోన్ నుంచి చాట్‌లో టైప్ చేస్తుంది, మైక్ ప్రాబ్లం సార్ అని.

అరవై మందికి పైగా ఉన్నారు. ఒక్కడికీ కనిపించలేదు. కాగల కార్యం గంధర్వులే తీర్చారు.

డిసెంబర్ 15

మరి మనిషి ఎక్కడుంది? రొట్టె తింటూ ఊరికే అడిగినట్టు అమ్మను అడిగాను, మీ శేటు బిడ్డ ఏం చేస్తోందే అని.

అమ్మ అంతా చెప్పింది. గుమాస్తా దేవప్పకు జరమొచ్చి మంచం పట్టిండంట. కంది సీజను. శేటు బయటోళ్లను నమ్మడు. గందుకే పది రోజుల సంది బిడ్డను తెచ్చి కాంటా కాడ కూసోవెట్టిండు, బస్తాలు జోకుతుంటే రాసుకుంటది అంది. క్లాసులున్నయి నాయినా అని ఏడ్చిందట. ఆడపిల్లవు, ఫోను సదువు సదివి ఏం చేస్తవు అన్నాడట. అందుకని ఇంట్లో ఏదో మిషిను ఆన్ చేసి పెట్టి వస్తదట. ఇక్కడ ఫోను గోనెసంచి కింద దాచి, ఒక చెవుల వైరు పెట్టుకుని, చున్నీ కప్పుకుని క్లాసు వింటదట. శేటు వస్తుంటే నేను దగ్గుత, గీ కరోనా కాలంల నేను దగ్గితే శేటే ఎడంగ జరుగుతడు అని నవ్వింది అమ్మ.

ఎవ్వరికి చెప్పకు అంది. మీ క్లాసు పిల్లే గదా, జర నోట్సు పంపియ్యరాదు అని కూడా అంది.

సరే అన్నాను.

డిసెంబర్ 16

నోట్సు పంపలేదు. స్క్రీన్ రికార్డింగ్ పెట్టాను. నలభై ఐదు నిమిషాలు, మూడు హారతులు.

డిసెంబర్ 18

ఆగుదామా అని ఒకసారి అనిపించింది. అదే సమయానికి గ్రూపులో ఎవరో పెళ్లి ఫొటో పెడితే దాని కింద నా స్టిక్కర్ వచ్చింది. నలభై రోజులైంది. ఇంకా నవ్వుతున్నారు. అంకిత ఒక్కసారి సారీ అనలేదు. తను గోనెసంచి కింద ఫోన్ పెట్టుకుని ఏడుస్తోందట, ఏడవనీ. నేనూ ఏడ్చాను. అప్పుడు నాకోసం ఎవరు దగ్గారు?

డిసెంబర్ 21, సోమవారం

ఎగ్జామ్ ఫామ్ ఇవ్వాలని చెప్పి వికారాబాద్ పోయాను. బస్సులో పోయాను. కాలేజీలో గడ్డి మోకాళ్లదాకా పెరిగింది. శ్రీకాంత్ సార్ ఒక్కరే స్టాఫ్ రూములో ఉన్నారు. ఫోన్ ఆయన ముందు పెట్టి ప్లే చేశాను. మొదటి హారతికి ఆయనకు అర్థం కాలేదు. రెండోదానికి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మూడోదానికి నవ్వారు. తర్వాత నవ్వు ఆపేసి, నీ పేరు బయటికి రాదమ్మా అన్నారు.

ఎందుకు అలా చేస్తోందో నాకు తెలుసు. సార్ అడగలేదు. నేను చెప్పలేదు.

వచ్చేటప్పుడు స్టాండులో మిరపకాయ బజ్జీలు తిన్నాను. నెల రోజుల తర్వాత నూనె వస్తువు. ఎంత బాగున్నాయో.

డిసెంబర్ 23

డిసెంబర్ అటెండెన్స్ మొత్తం కొట్టేశారు. అంకితకు డెబ్బై ఐదు శాతం రాదు. సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు. గ్రూపులో నోటీసు పెట్టారు. నా స్టిక్కర్ సంగతి అందరూ మరిచిపోయారు. ఇప్పుడందరూ హారతి బొమ్మలు పంపుకుంటున్నారు.

నాకు ఈసారి క్రిస్మస్ రెండు రోజులు ముందే వచ్చింది.

డిసెంబర్ 28

అమ్మ మిల్లు నుంచి వస్తూనే కూలబడింది. కాలేజీ వాళ్లు ఫోన్ చేస్తే రాజేశం గారు పరీక్షలే లేకపోతే ఇంకేం సదువు అని చదువు మాన్పించేశారట. దేవప్ప కోలుకుని వచ్చినా అతన్ని గోదాముకు పంపి, కాంటా దగ్గర బిడ్డనే ఉంచారట. ఇంక అదే తన చోటు. లాప్‌టాప్ కూడా తీసేసుకున్నారట. క్లాసు పిల్లలే ఎవరో కంప్లైంట్ చేసిన్రంట, వాళ్ల చేతులు పడిపోను అంది అమ్మ.

నేను ఆ చేతులతోనే అమ్మకు మంచినీళ్లు ఇచ్చాను.

2021 జనవరి 1, శుక్రవారం

డైరీ అయిపోయింది. వెనక అడ్రసుల పేజీల్లో రాస్తున్నాను.

ప్రతి శుక్రవారం సాయంత్రం ఉపవాస ప్రార్థన మా ఇంట్లోనే. మాస్కులు కట్టుకుని ఎనిమిది మంది ఆడవాళ్లు వచ్చారు. కూడిక నడిపే రాధమ్మ గారు ప్రార్థన అంశాలు అడిగారు. కొత్త సంవత్సరం కదా, అందరూ ఇంటివాళ్ల గురించి చెప్పారు. అమ్మ మాత్రం అంకిత గురించి చెప్పింది. ఆ బిడ్డ మళ్ల సదువుకోవాలె, ఆమె మీద కంప్లైంట్ చేసినోళ్లెవరో దేవుడు బయటవెట్టాలె అంది.

మా కూడికలో ఒక పద్ధతి ఉంది. అడిగింది జరిగితే, వచ్చే శుక్రవారం లేచి నిలబడి అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. దాచకూడదు. నాన్న నడుము నొప్పి తగ్గితే అమ్మ అలాగే చెప్పింది.

అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను, ఎవరికీ అనుమానం రాకుండా.

జనవరి 2

సార్‌కు ఫోన్ చేశాను. కంప్లైంట్ వెనక్కి తీసుకుంటానన్నాను. వాళ్లింట్లో పరిస్థితి చెప్పాను. ఈ మాట ఆరోజే చెప్పాల్సింది కదమ్మా అన్నారు. కాలేజీ అటెండెన్స్ కమిటీ సంతకాలు అయిపోయాయట. ఇప్పుడు ఎవరు చెప్పినా రికార్డింగ్ ఉంది కదా అన్నారు.

జనవరి 4, సోమవారం

మిల్లుకు పోయాను. అమ్మ లోపల చెరుగుతోంది, నన్ను చూడలేదు. అంకిత కాంటా పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. జుట్టు నిండా కందిపొట్టు. ఇన్నాళ్లు రోజంతా చూసిన ముఖమే. ఎదురుగా చూస్తే చిక్కిపోయి ఉంది.

కంప్లైంట్ ఇచ్చింది నేనే అన్నాను.

రాయడం ఆపలేదు. తెలుసు అంది. అందరు సార్‌ను సూస్తరు, లేకుంటే వాళ్ల మొఖం వాళ్లు సూసుకుంటరు, నన్ను గంత సేపు సూసేది నువ్వొక్కదానివే అంది.

స్టిక్కర్ సంగతి ఎత్తాను. ఆ పూట నవ్వొచ్చింది, పెట్టిన అంది. తీసేద్దామనుకునేసరికి అందరి ఫోన్లల్లకి పోయింది అంది. సారీ ఎందుకు చెప్పలేదని అడిగాను. నువ్వు మాట్లాడుడే బంద్ చేస్తివి గదా అంది. ఇప్పుడైనా చెప్తుందేమోనని నిలబడ్డాను. చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

బస్తా ఒకటి కాంటా మీదికి ఎక్కింది. అంకె చూసి రాసుకుంది. తర్వాత తల ఎత్తి చెప్పింది. మీ అమ్మకు నేను చెప్ప, నువ్వే చెప్పు అంది. ఆమె రోజు వచ్చి నీ కోసం ప్రార్థన చేస్తున్న బిడ్డా అంటది, తన డబ్బల రొట్టె నాకు సగం పెడుతది, నువ్వు చెప్పేదాక నేను తింటనే ఉంట అంది.

పగ తీర్చుకోవడం నాకు వచ్చనుకున్నాను. అంకిత ముందు నేను ఎల్కేజీ.

జనవరి 5

చెప్పలేదు. అమ్మ డబ్బాలో రెండు రొట్టెలు ఎక్కువ పెట్టుకుని పోయింది.

జనవరి 6, సాయంత్రం 6

చెప్పాను. స్టిక్కర్ నుంచి మొదలుపెట్టి అన్నీ. అమ్మ రొట్టె చరుస్తోంది. చెయ్యి ఆపలేదు. అంతా అయ్యాక ఒకటే అడిగింది. నేను నమ్మి చెప్పిన మాట తెలిసినంకనే పోయి చెప్పినవా, తెల్వకముందా అని.

తెలిసినంకనే అన్నాను.

రొట్టె పెనం మీద వేసింది. కాల్చింది. నా కంచంలో పెట్టింది. తను తినలేదు.

జనవరి 7

తిట్టలేదు. కొట్టలేదు. చేతులు పడిపోను అన్న మాట వెనక్కి తీసుకుంటుందేమోనని చూస్తున్నాను.

జనవరి 8, శుక్రవారం

ఎనిమిది మందీ వచ్చారు. పాట అయింది. సాక్ష్యాలు ఎవరివైనా ఉన్నాయా అని రాధమ్మ గారు అడిగారు.

అమ్మ లేచి నిలబడింది.