పెద్దమ్మకు తరుగుడు యంత్రం

మా చిన్నోడికి పెద్దమ్మ దీవెనలు.

కూరగాయలు తరిగే యంత్రమని నువ్వు చేయించి పంపిన ముక్కలన్నీ అందాయిరా. చెయ్యి విరిగి అతికాక నా వేళ్ళు సరిగ్గా ముడుచుకోవడం లేదు, కత్తి జారిపోతోంది. నెలాఖరుకల్లా తరగలేకపోతే హాస్టల్ వంటగది ఇంకొకరికి అప్పగించాలని వార్డెనమ్మ చెప్పేసింది. ఇలాంటప్పుడు నేనున్నానన్నావు, నువ్వు చల్లగా ఉండాలి.

ఉంటాను,
పెద్దమ్మ

తా.క.: చెక్కముక్కల అంచులన్నీ మాడిపోయి వచ్చాయి. కోసినవాడు పొయ్యి పక్కన కూర్చున్నాడేమో, పాపం. గరుకు కాగితంతో రుద్ది తెల్లగా చేశాన్లే.

పెద్దమ్మకు నమస్కారాలు.

కొంప ముంచావు. అది పొయ్యి సెగ కాదు, లేజర్‌తో కోస్తే అంచు అలాగే నల్లబడుతుంది. నువ్వు రుద్దాక అంచులరిగి ఒకదాంట్లో ఒకటి బిగుసుకోవు. వేరే చెక్కలు పంపుతున్నా, రుద్దకు. పళ్ళచక్రాలు, తిప్పే పిడి మాత్రం త్రీడీ ప్రింటర్‌లో ప్లాస్టిక్ కరిగించి పోసినవి.

నీ చిన్నోడు

తా.క.: వాటిని శుభ్రంగా కడిగి వాడు. తినేవాటికి తగిలేవి కదా.

చిన్నోడికి దీవెనలు.

చెక్కలు చక్కగా కుదిరాయి. నువ్వు చెప్పినట్టే ప్లాస్టిక్‌వి శుభ్రంగా కడిగాను. ఒక్క క్యారెట్టయినా తగలకుండానే చక్రాలు వడలిన ఆకుల్లా వంగిపోయాయి. నువ్వు మాత్రం బాధపడకు, ఇంత చేశావు, అదే పదివేలు.

పెద్దమ్మ

తా.క.: చక్రాల పళ్ళు వంకర తిరిగాయి. నావీ అంతే కాబట్టి తప్పు పట్టలేను.

పెద్దమ్మకు నమస్కారాలు.

నాసిరకం ప్లాస్టిక్ అంటగట్టాడని ప్రింటర్ కొట్టాయన మీద విరుచుకుపడ్డాను. ఆయన నన్ను బయటికి నెట్టినంత పని చేశాడు. నెలాఖరు దగ్గరపడుతోంది. నా వల్ల నీ వంటగది పోతే నీకు మొహం ఎలా చూపించను?

నీ చిన్నోడు

తా.క.: ఇంతకీ ఎలా కడిగావు?

చిన్నోడికి వెయ్యి దీవెనలు.

ముందు వెళ్ళి ఆ కొట్టాయనకు క్షమాపణ చెప్పు. హాస్టల్ గిన్నెలు కడిగినట్టే సలసలా మరిగే నీళ్ళలో వేశాను, ఇంకెలా కడుగుతారు? నీ ఉత్తరం వచ్చాక, పిడి ఒక్కటీ లావుగా ఉండి వంగకుండా మిగిలింది కదా అని, దాన్నీ ఇంకోసారి చాలాసేపు వేసి చూశాను. మెత్తబడింది. గుడ్డతో తీసి, పారెయ్యడానికి మనసొప్పక నా కత్తికి తొడిగి, గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. చల్లారాక చూస్తే నా వంకర వేళ్ళు ఎక్కడ ఆనాయో అక్కడల్లా గుంటలు పడి గట్టిపడింది. ఇక కత్తి జారితే ఒట్టు.

నిన్న వార్డెనమ్మ ఎదురుగా బుట్టెడు క్యారెట్లు తరిగాను. ఆవిడ వంటగది తాళాలు నా చేతిలో పెట్టి వెళ్ళింది. కాసేపు ఏడ్చాను, ఉల్లిపాయల వల్ల కాదు. నీ మేలు ఈ జన్మలో మరిచిపోనురా.

పెద్దమ్మ

తా.క.: మా గిన్నెలు తోమే ఆవిడకు కూడా మణికట్టు పట్టేసింది. ఆమెకూ ఒక యంత్రం చేసి పంపు. నీళ్ళు నేను మరగబెడతాను.