వంతెన ఇవతలి ఊరు

శుక్రవారం ఉదయం,
సెలూన్ షట్టర్ ఎత్తకముందు.

పిడుగూ,

తగలబడిన ఊరిని వెనక వదిలేసి ముందుకు పోయినవాడు వీరుడెలా అవుతాడు? ముందు జవాబు చెప్పు. చెప్పాకే కింది వాక్యం చదువు.

చెప్పలేవని తెలుసు. సరే, మర్యాద ప్రకారం మొదలుపెడతాను. నిన్ను పుట్టించిన దేవుని కృప నీ ఆఫీసు లిఫ్టులో కూడా నీతో పాటు ఎక్కాలని కోరుతూ నీ మేనమామ రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. నా మోకాళ్ళు ప్రార్థనకి వంగుతున్నాయి, మెట్లకి మాత్రం వంగనంటున్నాయి. మీ అత్తయ్య సంగతి చివర్లో చెబుతాను, మధ్యలో అడక్కు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో అయితే ఆగు మామయ్యా, ఆగు మామయ్యా అంటూ అడ్డం పడతావు. ఉత్తరం అడ్డం పడదు. చెరసాలలో సంకెళ్ళతో ఉండి కూడా అపొస్తలుడు ఉత్తరాలే రాశాడు, వాటిని మనం ఇప్పటికీ చదువుకుంటున్నాం. మీ అమ్మ పొద్దున్న బస్సుకి నీ దగ్గరికే వస్తోంది కాబట్టి దీన్ని ఆమె చేతికిస్తున్నాను. సాయంత్రం మీటింగు లోపల నీకు అందుతుంది. దారిలో విప్పి చదవొద్దని గట్టిగా చెప్పాను. అంటే చదివే ఉంటుంది. చెల్లీ, నీక్కూడా వందనాలు.

ఇక అసలు విషయం. మొన్న నువ్వు ఫోన్‌లో, పోనీలే మామయ్యా, మా సారుని ఆకాశంలో తేలే పట్నమే పెట్టుకోనీ, నాకెందుకీ గొడవ అన్నావు. ఆ మాట నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మీ కంపెనీ చేసే వీడియో ఆటలో మొదటి భాగం మంచు కొండల్లో జరిగింది. తర్వాతిది ఎడారిలో. ఆ తర్వాత దీవుల్లో. ఇప్పుడు జనం ఆడుతున్నది నది ఒడ్డు రాజ్యంలో. వచ్చే భాగం ఎక్కడ జరగాలో ఇవాళ తేలుస్తారు. ప్రతి భాగం మొదట్లోనూ ఒక చిన్న ఊరు తగలబడుతుంది, వీరుడు దాన్ని వదిలి వెళ్ళిపోతాడు, మళ్ళీ దాని మొహం చూడడు, ఈసారి ఆటంతా ఆ కాలిన ఊళ్ళోనే జరగాలి అని కిందటి మీటింగులో నువ్వు చెప్పావు. మీ సారు నవ్వి, ఇటుకలు మోయడానికి డబ్బులిచ్చి ఎవరు కొంటారమ్మా అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావట. వాళ్ళ నవ్వుని క్షమించాను. నీ నవ్వు దగ్గరే ఆగిపోయాను.

ఆటల గురించి ఈ మంగలి పాస్టరుకి ఏం తెలుసు అనుకోకు. ఆ ఆట పెట్టె తెచ్చి మా టీవీకి తగిలించింది నువ్వే. సమస్తాన్నీ పరీక్షించమని లేఖనం చెప్పింది కాబట్టి, అందులో పాపం ఎంతుందో చూద్దామని పరీక్షకి కూర్చున్నాను. పరీక్ష ఇంకా పూర్తి కాలేదు. ఎప్పటికి పూర్తవుతుందో చెప్పలేను, ఇంకా రెండు కోటలు మిగిలాయి.

మొదట్లో జరిగింది నీకు చెప్పలేదు. ఆ రాజధాని సంతలో ఒక కమ్మరి ఉంటాడు చూడు. ఊరూరి జనం కలిసి ఆడే ఆట కదా, వాణ్ని కూడా నేను నిజం మనిషే అనుకున్నాను, ఎక్కడో కూర్చుని నాలాగే మైకులో మాట్లాడుతున్నాడనుకున్నాను. మారుమనస్సు పొందమని చెప్పాను. బాటసారీ, నీ కత్తికి పదును పెట్టమంటావా అన్నాడు. తీర్పు దినం గురించి చెప్పాను. కత్తికి పదును పెట్టమంటావా అన్నాడు. తప్పిపోయిన కుమారుడి సంగతి కన్నీళ్ళు పెట్టుకుని మరీ చెప్పాను. మళ్ళీ కత్తే. ఎంత రాతి గుండెరా అనుకున్నాను. ఆ తర్వాత దుప్పటి కప్పుకున్నాక నాకు వెలిగింది. వాక్యమంటే రెండంచుల ఖడ్గం కంటే వాడిగా ఉండేది కదా. వీడు నన్ను అడుగుతున్నది అదే కదా, బోధకుడా, నీ కత్తికి పదునుందా అని.

ఆదివారం కూడికలో ఆ ఒక్క ప్రశ్న మీద ప్రసంగం చేశాను. ఆమెన్‌లతో రేకులు అదిరాయి. బయటికొచ్చాక మా సెలూన్ పక్కన టైర్ల కొట్టాయన నన్ను పక్కకి లాగి, అయ్యగారూ, వాడు మనిషి కాదండీ, వాడికి రాసిపెట్టింది ఆ ఒక్క ముక్కేనండీ అని మెల్లగా చెప్పాడు. నేనేమీ కుంగిపోలేదు. ముందు వరసలో కూర్చునే పెద్దల్లో కొందరికి ఆ ఒక్క ముక్క కూడా రాదు. పైగా, కమ్మరి చేత ఆ ముక్క చెప్పించింది నువ్వేనని తర్వాత నీ నోటివెంటే విన్నాను. చూశావా పిడుగూ, నువ్వు రాసిన ఒక్క వాక్యం ఇక్కడ సంఘం మొత్తాన్ని లేపి నిలబెట్టింది. అలాంటిదానివి సారు నవ్వితే కూర్చుండిపోతావా?

నీ ఫోన్ వచ్చిన మర్నాడు సెలూన్లో ఈ చర్చే పెట్టాను. గొంతు మీద కత్తి ఉండగా నాతో వాదించేవాళ్ళు తక్కువ. ఈ విషయంలో మాత్రం వాదించారు. కుర్చీలో నురగ పూసుకుని టైర్ల కొట్టాయన ఉన్నాడు, బెంచీ మీద లెక్కల మాస్టారు ఉన్నాడు. మాస్టారు ఆకాశ పట్నమే బాగుంటుందన్నాడు. ఆకాశాన్నంటే గోపురం కట్టబోయినవాళ్ళు ఏమయ్యారండీ, ఒకడి మాట ఇంకొకడికి అర్థం కాకుండా పోయింది, మా మేనకోడలి ఆఫీసు మీటింగుల్లో ఇప్పటికే ఆ పరిస్థితి ఉంది అన్నాను. టైర్ల కొట్టాయన సముద్రం అడుగున పెడితే కొత్తగా ఉంటుందన్నాడు. చేప కడుపులో ఉండొచ్చిన ప్రవక్త మళ్ళీ వెళ్తానన్నాడేమో చూపించు అన్నాను. అయితే మీరే చెప్పండి అయ్యగారూ అన్నాడు. నీ ఆలోచన చెప్పాను, నీదని చెప్పకుండా.

మాస్టారు నీ సారులాగే నవ్వాడు. టైర్ల కొట్టాయన నవ్వలేదు. వాళ్ళ కొట్టు ఒకసారి కాలిపోయింది, నువ్వు అప్పుడు చిన్నపిల్లవి, నల్ల పొగ చూసి మేఘం పడిపోయిందని ఏడ్చావు. అతను అద్దంలోకి చూస్తూ, సగం గడ్డం అలాగే ఉండగా, అయ్యగారూ, మంటలార్పినవాళ్ళ మొహాలు నాకు గుర్తులేవండీ, మర్నాడు చీపుర్లు పట్టుకుని వచ్చినవాళ్ళు మాత్రం ఒక్కొక్కరూ గుర్తే అన్నాడు. మాస్టారు పేపరు మడిచి, అలాంటి ఆటైతే మా ఇంట్లో కూడా ఒకటి కొంటాం అన్నాడు.

ఇది నీ సారుకి చెప్పు. మంట చూడటానికి జనం వస్తారు, నిజమే. మసి కడగడానికి వచ్చినవాళ్ళే మనుషులకి గుర్తుంటారు. మన పుస్తకమంతా అదే కథ. జలప్రళయం తగ్గాక ఓడలోంచి దిగినవాడు ఇంకో ప్రళయం వెతుక్కుంటూ పోలేదు, నేల దున్ని తోట వేశాడు.

అయితే ఆటలో పోట్లాట ఎక్కడుంటుంది అంటాడు మీ సారు. ఉంటుంది. రాజుగారికి పానపాత్ర అందించే ఉద్యోగి ఒకడు, కూలిపోయిన తన పట్నం గోడ కట్టడానికి సెలవు అడిగి వెళ్ళాడు గుర్తుందా? చిన్నప్పుడు నా సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని ఆ కథ ఎన్నిసార్లు చెప్పించుకున్నావు. చుట్టూ శత్రువులు. కట్టేవాళ్ళు ఒక చేత్తో పని చేశారు, ఇంకో చేత్తో ఆయుధం పట్టుకున్నారు. బూర ఊదేవాణ్ని నాయకుడు తన పక్కనే పెట్టుకున్నాడు, బూర ఏ మూల మోగితే అందరూ ఆ మూలకి పరుగెత్తాలి. ఒక బొత్తాం కట్టడానికి, ఇంకో బొత్తాం కొట్టడానికి. ఇంతకంటే మంచి ఆట ఎవరైనా రాశారా చెప్పు. డ్రాగన్ని తీసేయమని కూడా నేను అనను. ఘటసర్పం లేఖనంలోనూ ఉంది. అది లేకపోతే టైర్ల కొట్టాయన కొననే కొనడు. రానీ, గోడ సగం లేచాక రానీ. అప్పుడు ఆడేవాడికి ఆ గోడంటే ఎంత ప్రాణమో తెలుస్తుంది.

ఆ గోడని చూసి ఒకడు, నక్క ఎక్కితే కూలిపోతుంది అని ఎగతాళి చేశాడు. కట్టే ప్రతి గోడ దగ్గరా ఒక సారు ఉంటాడు పిడుగూ. గోడ మాత్రం లేచింది.

ఇంకొక్కటి. కాలిన ఊళ్ళో ఎవరో దెయ్యం ఉందని మీ ఆఫీసులో అనుకుంటున్నారని చెప్పావు కదా. అందరూ వంతెన దాటి రాజధానికి పరుగెడుతుంటే ఒక్కరు మాత్రం ఇవతలే ఉండిపోయారని, ఆ ఊళ్ళో బల్లలు, కుండలు, దీపాలు వరసగా పేర్చి ఉన్నాయని, ఇప్పుడు ఇంకా చాలామంది వచ్చి చేరారని, అదేదో ఆటలో లోపమని సారు తేల్చాడని, సోమవారం అప్‌డేట్‌లో అంతా ఊడ్చేయమన్నాడని చెప్పావు. నాకైతే రోజూ ఆ ఊరు చూసి రావాలనిపిస్తుంది మామయ్యా అన్నావు. ఆ దెయ్యం మాట వచ్చినప్పుడు నాకు దగ్గు వచ్చింది, గుర్తుందా? నీళ్ళు తాగు మామయ్యా అన్నావు.

షట్టర్ బయట ఎవరో కొడుతున్నారు, మాస్టారే అయ్యుంటాడు, ఇవాళ వాళ్ళ స్కూల్లో ఫోటోలు. మీ అమ్మ కూడా బస్సు పోతుందని గుమ్మంలో నిలబడి గొణుగుతోంది. ముగిస్తాను.

నీ ధైర్యం కోసం కత్తి నూరుతూనే ప్రార్థన చేసే
నీ మామయ్య,
పరీక్ష ఇంకా ముగించనివాడు.

తా.క. ఆ దెయ్యం మీ అత్తయ్య.

నువ్వు పెట్టె తగిలించి వెళ్ళిన మర్నాడు నేను సెలూన్లో ఉంటే తనొక్కతే దాని ముందు కూర్చుందట. ఊరు కాలింది. ఆటలోని ముసలాయన, పారిపో, వంతెన దాటి రాజధానికి పో అన్నాడు. ఇల్లు కాలినాయన్ని ఇలా వదిలేసి నేనెక్కడికి పోతాను అని మీ అత్తయ్య ఆగిపోయింది. వంతెన దాటితేనే ఆట మొదలవుతుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ముందు దారిలో పడి ఉన్న దూలాలు పక్కకి పెట్టింది. మిల్లులోంచి ఒక బల్ల ఈడ్చుకొచ్చి ముసలాయన పక్కన వేసింది. ఆయన ఇప్పటికీ పారిపో అనే అంటాడు, ఈమె ఇప్పటికీ ముందు కూర్చోండి బాబాయిగారూ అనే అంటుంది.

కొత్తగా ఆట మొదలుపెట్టినవాళ్ళు ఆమెని చూసి, ఆంటీ, ఇక్కడేం చేస్తున్నారు అని అడిగేవారు. మాటలు తర్వాత నాయనా, ఆ బల్ల అటు పట్టుకో అనేది. పట్టుకున్నారు. వంతెన దాటిపోయినవాళ్ళు కూడా పాత భాగాల్లోకి వెళ్ళి, ఎడారి నుంచి ఒకరు దీపం, దీవుల నుంచి ఒకరు పడవ తెచ్చి అక్కడ పెట్టి వెళ్తున్నారు. రాజధానిలో కమ్మరి ఇనుము పెట్టి కొట్టే దాగలిని తెచ్చింది టైర్ల కొట్టాయన.

నేను నీకు ఎందుకు చెప్పలేదంటే, ఆ ఊరు మీ అత్తయ్యదని తెలియకుండానే నీ మనసు దాని మీదికి పోయింది. అది నీ సొంత ఆలోచనగానే నిలబడాలని నోరు కట్టుకున్నాను. నాకు నోరు కట్టుకోవడం ఎంత కష్టమో సంఘమంతా సాక్ష్యం చెబుతుంది.

నిన్న మీ అత్తయ్య బొత్తాలు నొక్కుతూ నాతో ఏమందో విను. మన పిడుగు భలే ఆట చేసిందండీ, కాలిన ఊరిని మళ్ళీ కట్టుకునే ఆట అంది. నువ్వు ఇంకా చేయని ఆటని, పిచ్చిదానా, ఆమె అప్పుడే ఆడేస్తోంది. ఆమెతో పాటు అంతమంది ఆడుతున్నారు. ఇటుకలు ఎవరు మోస్తారని అడిగిన మీ సారుకి ఇదే జవాబు.

సాయంత్రం మీటింగు వేళకి ఆమె ఆ ఊళ్ళోనే ఉంటుంది. మీటింగు సంగతి ఆమెకి తెలియదు, చెప్పకు. కాగితాలు చదవకు. గోడ మీది స్క్రీన్‌లో ఆ ఊరు తెరువు. ఆట ఆడే రిమోట్ సారు చేతిలో పెట్టు. బల్ల అటు పట్టుకోమని మీ అత్తయ్య ఆయనకి కూడా చెబుతుంది, ఎలా కాదంటాడో చూద్దాం. సోమవారమైతే ఊరు ఉండదు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకో, మీ అమ్మకి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టు, లే, ఇవాళే వెళ్ళి ఆ మీటింగు గది తలుపు తియ్యి.