గేటు మీద గూడు

అన్నయ్యకు,

నీ ఉత్తరం అందింది. తోపు గేటుకు నువ్వు తగిలించిన బోర్డు వెనకాల పిట్ట గూడు పెట్టిందనీ, ఎవరూ చూడకుండా దాన్ని తీసి పారెయ్యమనీ రాశావు. కలప ఎక్కించుకున్న లారీ బయటికి రాలేక లోపలే నిలబడిపోయిందట, పాపం!

"గూళ్ళు కట్టే కాలం. లోపలికి ఎవరూ రాకూడదు. తల్లిపక్షులను ఇబ్బంది పెట్టరాదు" అని ఆ బోర్డు రాయించింది నువ్వే కదా. అది చదివే మేమంతా నోరు మూసుకున్నాం. తోపులోంచి ఆసుపత్రికి అడ్డదారి ఉండగా, అమ్మ మోకాళ్ళు పట్టుకుని రోడ్డంతా చుట్టి వెళ్తోంది. లోపల్నుంచి రంపం మోత వినిపిస్తే వడ్రంగిపిట్టలు కాబోలని సరిపెట్టుకున్నాం.

మొన్న అటవీ అధికారి వచ్చి, బోర్డు చదివి, వెనకాల గూడు చూసి, నిన్ను తెగ మెచ్చుకున్నాడు. పిల్లలు ఎగిరిపోయేదాకా గేటు కదపడానికి వీల్లేదని మీ కాపలా మనిషికి గట్టిగా చెప్పి వెళ్ళాడు. నీ మాటే కదా, నీకెందుకు అంత కష్టంగా ఉంది?

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను.

"కనీసం ఆ తల్లినైనా ఇబ్బంది పెట్టొద్దని రాయవే" అంది.

రాశాను.

నీ చెల్లెలు