ఊరుకోని బడి

ఖాజాగూడ,
జులై 23, 1967.

నాన్నగారికి,

మీ పుణ్యవతి ఇక్కడి నుంచే మీ కాళ్లకు దణ్ణం పెట్టి రాస్తున్న సంగతులు. అమ్మకు వేరే రాయడం లేదు, ఇదే చదివి వినిపించండి. నేను ఏడ్చానని ఉన్నచోట మాత్రం దాటేయండి.

బడిలో చేరిన దగ్గర్నుంచీ "అంతా బాగుంది, పిల్లలు చక్కగా చదువుకుంటున్నారు" అని కార్డులు రాస్తూ వచ్చాను కదా. అదంతా వట్టిది నాన్నగారూ. చదవడం మాట దేవుడెరుగు, అసలు కూర్చోవడమే లేదు. ఉన్నది ఒక్కటే గది. ఒకటో తరగతి నుంచి మూడో తరగతి దాకా అందరూ నా నెత్తి మీదే. కొత్తలో నా మాట వింతగా ఉండి కాబోలు, గుడ్లప్పగించి చూసేవారు. ఇప్పుడు భయం పోయింది. భయం పోయాక గోల మొదలైంది. గోల చేస్తే మీరైతే ఏమంటారు? నేనూ అదే అన్నాను. బల్ల మీద బెత్తంతో ఒక్కటిచ్చి, మీ గొంతు తెచ్చిపెట్టుకుని, "ఊరుకోండి!" అని గద్దించాను.

అంతే! గది గదంతా లేచి బయటికి ఒకటే పరుగు. పలకలు ఎక్కడివక్కడే, సంచులు ఎక్కడివక్కడే. ఎల్లేశం అని ఒక పిడుగున్నాడు, వాడు ముందు, వాడి వెనక మిగతా సైన్యం. బడి పక్కనే పెద్ద పెద్ద బండలున్నాయి. వాటి మీదికెక్కి నన్ను చూసి పళ్లికిలిస్తారు. నేను కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని "ఊరుకోండర్రా, ఊరుకోండి" అని వెంటపడితే ఇంకా జోరు చేసి చెరువు దాకా పోయారు. ఒక్కనాడైతే సరిపెట్టుకుందును. రోజూ ఇదే తంతు. సక్కుబాయి అని మేకలు కాసే పిల్ల ఒకతి ఉంది. అది పరుగెత్తేటప్పుడు కూడా నోరు విప్పదు. నేను ఏం అడిగినా నేలచూపులే.

నేను కిరాయికుంటున్న ఇంటావిడ బుచ్చమ్మతో చెప్పుకుని ఏడ్చాను. ఆవిడ జొన్నరొట్టె చేస్తూ, "నువ్వు జెప్పినట్టే ఇంటున్రు గద పంతులమ్మా! మల్ల ఏడుసుడెందుకు?" అంది. చూశారా వెటకారం!

మీ బడిలో ఖాళీ ఉందని, కమిటీ వారితో మాట్లాడమంటావా అని రాశారు. మాట్లాడండి. దసరాకి మీరే వచ్చి నన్ను తీసుకుపోండి. పక్క గదిలోంచి మీ గొంతు వినిపిస్తుంటే నా తరగతి కూడా నోరు మూసుకుంటుంది. నా అంతట నాకు ఈ పని చేతకాదని తేలిపోయింది.

ఓడిపోయిన మీ అమ్మాయి,
పుణ్యవతి


ఖాజాగూడ,
ఆగస్టు 27, 1967.

నాన్నగారికి,

మీ పుణ్యవతి నవ్వాపుకుంటూ పెడుతున్న దణ్ణాలు. మీ ఉత్తరం అందింది. కమిటీ వారు ఒప్పుకున్నారని, దసరా సెలవులకు ముందే వస్తానని రాశారు. తప్పకుండా రండి. కాకపోతే ముందు ఇది చదవండి.

రెండు వారాల కిందట బుచ్చమ్మ వాకిట్లో మిరపకాయలు ఎండబోసింది. ఉన్నట్టుండి మబ్బు కమ్మి టపటపా చినుకులు మొదలయ్యాయి. నేను గుమ్మంలో నిలబడి బడి సంగతి ఏదో చెబుతున్నాను. ఆవిడ లోపల్నుంచి "ఉరుకు పంతులమ్మా, జల్ది ఉరుకు!" అని ఒక్క కేక పెట్టింది. నేను ఠక్కున నోరు మూసుకుని బొమ్మలా నిలబడిపోయాను. మిరపకాయలన్నీ తడిసి ముద్దయ్యాయి.

"ఉరుకుమంటే గట్ల నిలవడ్డవేంది?"

"ఊరుకోమన్నారు కదా అని ఊరుకున్నానండీ!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఉరకడమంటే పరుగెత్తడమని నాకు తెలియక కాదు, చెవికి తట్టలేదు, అంతే. బుచ్చమ్మ నవ్వీ నవ్వీ తడిసిన మిరపకాయల మధ్యే కూలబడింది. "ఓ యమ్మ! గందుకా పోరగాండ్లు బడిలకెల్లి ఉరికింది! గమ్మున కూసోవాలంటే సప్పుడు జెయ్యకుండ్రి అనాలె గాని" అంది. నేను ఊరుకోమంటున్నానని నేననుకున్నాను. ఉరుకుమంటున్నానని వాళ్లు విన్నారు. అంటే, నా మాట విన్నంత బుద్ధిగా మీ మాట కూడా ఏ పిల్లలూ విని ఉండరు నాన్నగారూ!

ఆ రాత్రి ఎంత సంతోషంగా నిద్రపోయానో! మర్నాడు బెత్తం అటక మీద పడేసి, పిల్లలను బండల దగ్గరికి తీసుకుపోయి, నేనే "ఉరుకుండ్రి!" అన్నాను. ఏడు బండలు దుమికి ఆగు. ఇంకో ఏడు దుముకు. ఎన్నయినయి? పలక ముందు కూర్చోబెడితే ఒళ్లంతా దురదపెట్టినట్టు మెలికలు తిరిగే ఎల్లేశం, రొప్పుతూ "పద్నాలుగు!" అని అరిచాడు. వాడి లెక్కలన్నీ కాళ్లలో ఉన్నాయి. వీరేశం అని ఇంకొకడున్నాడు, వాడికి పరుగు రాదు, పాట రాదు. బొగ్గుముక్క చేతికిస్తే బండ మీద ఏడేసి మేకలను వరస కట్టి లెక్క తేల్చాడు. ఇక సక్కుబాయి! ఒక సాయంత్రం, పండగ ఇంకా నెల పైనే ఉండగా, బుచ్చమ్మ వాకిట్లో ఆడపిల్లలు చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టి బతుకమ్మ పాటలు పాడుతుంటే, అందరికన్నా పైన ఒక గొంతు ఖంగుమంటోంది. ఎవరా అని చూస్తే ఈ మూగపిల్లే. మర్నాడు ఆ వరసలోనే ఎక్కం ఎత్తుకున్నాను. "ఏడొకట్ల ఏడు ఉయ్యాలో, ఏడు రెండ్ల పద్నాలుగు ఉయ్యాలో" అన్నానో లేదో, తరవాతిది సక్కుబాయి అందుకుంది. ఒళ్లు ఝల్లుమంది నాన్నగారూ. బుచ్చమ్మ మాత్రం "పూల పాటల లెక్కలేందమ్మా, గౌరమ్మ నవ్వుతది" అని బుగ్గలు నొక్కుకుంది. ఆటకు నియమం కూడా పిల్లలే పెట్టుకున్నారు. చప్పట్లు కొడుతూ తిరుగుతూ ఎక్కం చెప్పాలి. ఎవరు తప్పితే వాళ్లు బండ ఎక్కాలి. ఎక్కినవాళ్లు పాట మొదలుపెట్టాలి, కింద ఉన్నవాళ్లు అందుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి. మూడో తరగతిలో ఏడో ఎక్కం అప్పజెప్పలేదని మీరు నన్ను బెంచీ ఎక్కించారు, గుర్తుందా? "దీని బుర్రకు ఇది ఎక్కదు" అన్నారు. హెడ్మాస్టరు గారి అమ్మాయినని తరగతంతా రెట్టింపు నవ్వారు. ఆ మాట నాకు ఇవాళ్టికీ నొప్పే. ఇక్కడ పిల్లలు లేచి పరుగెత్తినప్పుడల్లా మీరు అన్నదే నిజమని కుమిలిపోయాను. అప్పట్లో వారం తిరిగేసరికి ఎక్కం గడగడా చెప్పాను కదా, "చూశావా, బెంచీ మహిమ!" అని మురిసిపోయారు. బెంచీ కాదు నాన్నగారూ. వంటింట్లో బామ్మ చింతపిక్కలు ఏడేసి కుప్పలు పోసి, నాతో ఆడుతూ నేర్పింది. మీ సంతోషం చెడగొట్టడం ఎందుకని నేనూ బామ్మా ఊరుకున్నాం.

అందుకని రండి. ఒక్క పూట నా బడి చూడండి. ఇది చదువు కాదు, కుప్పిగంతులని మీరంటే పెట్టె సర్దుకుని మీ వెంట వచ్చేస్తాను. చదువేనంటే ఇక్కడే ఉంటాను. మీరెలా అంటే అలాగే. కాకపోతే ఈసారి నన్ను చూసి మరీ చెప్పండి.

బామ్మ శిష్యురాలు,
మీ పుణ్యం


తణుకు,
అక్టోబరు 1, 1967.

చిరంజీవి పుణ్యవతికి,

నాన్న దీవెనలు. క్షేమంగా చేరానని రాయడం మర్యాద కనుక రాస్తున్నాను. మోకాళ్లు రెండూ వాచాయి. మీ అమ్మ ఆముదం రాస్తూ నిన్ను తిడుతోంది.

నీ బడిలో అడుగు పెట్టగానే నాకు ఒళ్లు మండిన మాట నిజం. ఒకడు బండ నిండా మేకలు గీస్తున్నాడు. ఒకడు గెంతుతున్నాడు. ఆడపిల్లలు చప్పట్లు. ఎక్కడా బెత్తం జాడ లేదు. నీ ఉత్తరం చదివీ, అంతా తెలిసీ, అలవాటు కొద్దీ నోరు జారాను. "ఊరుకోండి!" అని నేననడం, వాళ్లు చెరువు వైపు పరుగు లంకించుకోవడం, వాళ్ల వెనక గొడుగు పట్టుకుని నేను పరుగెత్తడం, నువ్వు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం, అదంతా నీకు తెలిసిందే. నీకు తెలియనిది రాస్తాను.

ఆ సక్కుబాయి వచ్చి నా చెయ్యి పట్టుకుని, "నువ్వు గూడ ఆడు రా తాతా" అంది కదా. ఏడో ఎక్కమే కదా, నిద్దట్లో లేపినా చెబుతాననే ధీమాతో దిగాను. చప్పట్లు చూసుకుంటే అడుగు తప్పుతోంది, అడుగు చూసుకుంటే అంకె తప్పుతోంది. ఏడు నాలుగుల దగ్గరే చతికిలబడ్డాను. "తప్పింది తాతా, బండెక్కు" అంది ఆ పిల్ల. ఎక్కాను. అందరి కళ్లూ నా మీదే. ముఖం భగభగమంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంతకాలం ఊరందరి పిల్లలకీ చెప్పిన ఎక్కంలో ఒక్క అంకె బుర్రలో మిగల్లేదు తల్లీ. నీ ఉత్తరం చదివినప్పుడు నాకేమీ గుర్తు రాలేదు. అక్కడ గుర్తొచ్చింది. నీలం పరికిణీ వేసుకుని, బెంచీ మీద నువ్వు.

అప్పుడు ఆ పిల్ల కింది నుంచి, "పాటెత్తు తాతా, మేమందుకుంటం" అంది. నీ బెంచీ దగ్గర ఆ మాట అనవలసినవాణ్ణి నేను. అనలేదు. అందుకే ఆ సాయంత్రం నీకు ఏమీ చెప్పకుండా బస్సెక్కేశాను. కోపం కాదమ్మా, సిగ్గు.

ఇంటికి రాగానే మీ బామ్మను నిలదీశాను, చింతపిక్కల సంగతి నిజమేనా, నా దగ్గర ఎందుకు దాచావని. ఆవిడ వత్తులు చేసుకుంటూ తలెత్తకుండా, "మరి నీకు మాత్రం ఎలా వచ్చిందనుకున్నావురా? పిక్కలు ముక్కులో పెట్టుకుంటే నేనే తీశాను" అంది. మీ అమ్మ నవ్విన నవ్వు వీధి చివరిదాకా వినిపించింది.

ఇక్కడి ఉద్యోగం పక్కవీధి జయలక్ష్మికి ఇప్పించాను. నీకు లేదు. అది చదువే. నేను చెప్పిన దానికన్నా మంచి చదువు. ఆ పిల్లలను వదిలేసి వస్తే గుమ్మం ఎక్కనివ్వను. సెలవుల తరవాత మూడో తరగతికి లెక్కలు నేనే చెబుతాను. మీ అమ్మ చింతపిక్కలు ఏరి ఉంచుతోంది. చప్పట్ల వరస కాస్త వివరంగా రాసి పంపు, కుడికాలు ముందా, ఎడమకాలు ముందా తెలియడం లేదు.

చిన్నప్పటి నుంచీ నిన్ను ఎన్నిసార్లు ఊరుకోమన్నానో నాకే లెక్క లేదు. ఇప్పుడు మీ ఖాజాగూడ మాటల్లో చెబుతున్నాను, విను. ఊరుకోకు తల్లీ. ఉరుకు.

బండెక్కిన మీ నాన్న,
సోమేశ్వరరావు