తిడతానే కంప తీసినాడు

ఉదయగిరి,
14-10-2025.

బావ మాల్యాద్రికి,

పెంచలయ్య నమస్కారం. నేను క్షేమం. నువ్వు కూడా క్షేమమేనని, కాశీ యాత్రలో బియ్యం బస్తా మిగిలించానని ఇంటింటికీ తిరిగి చెప్పుకుంటున్నావని విన్నాను. చెల్లెలు ఆనందమ్మకు నా ఆశీస్సులు. ఉభయ కుశలం ఇంతటితో సరి. ఇక ఉపరి చాలా ఉంది. కూర్చుని చదువు.

మనిద్దరికీ మాటల్లేవు కదా, ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. నీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నది నా నోరు. నా చెయ్యి పెట్టుకోలేదు. యాత్ర పొడుగునా నోరు బిగబట్టుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చి వారమైనా అనలేకపోయిన మాటలన్నీ గొంతులోనే ఉన్నాయి. అన్నం దిగడం లేదు.

ముందు అసలు సంగతి. మన రెండు చేలూ పక్కపక్కనే. నా చేను గట్టు మీదుగా నీ బత్తాయి తోటకు బండిబాట ఉందని నువ్వు, లేదని నేను. ఆత్మకూరు కోర్టులో కేసు వేసింది నేను. బాటకు అడ్డంగా ముళ్ళకంప కొట్టించింది నేను. అప్పటినుంచి నీ కాయలన్నీ వాగులోంచి తలమీద మోసుకుపోవలసి వస్తోంది. ఆ మోసేవాళ్ళలో మా చెల్లెలు కూడా ఉందని ఊరంతా నన్నే తప్పుపడుతుంది. వాయిదా రోజున ఇద్దరం ఒకే బస్సులో ఆత్మకూరు పోతాం. నువ్వు ముందు సీట్లో, నేను వెనక సీట్లో. పదకొండేళ్ళు. ఇవన్నీ నీకు తెలియనివి కావు. అయినా రాస్తున్నాను. తెలిసినవాటిని మరిచిపోవడంలో నిన్ను మించినవాడు ఈ తాలూకాలో లేడు.

అలాంటి నేను నువ్వు నడిపే కాశీ బస్సు ఎందుకెక్కాను? నా చెల్లెలి మూలాన. గొడుగు వేసుకుని వచ్చి నా గేటు బయటే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. కేసు ముగిసేదాకా పుట్టింటి గడప తొక్కనని దానికీ ఒక ఒట్టు ఉంది కదా. మా వంశంలో అందరమూ ఒట్ల మీదే బతుకుతాం. సీట్లు నిండకపోతే మనిషికి ఇంకా ఎక్కువ పడతాదంట, నువ్వు పుస్తకాల్లో ఎన్నిసార్లు పోయినావో కాశీకి, ఒక్కసారి కాళ్ళతో పోరాదా అన్నా, అంది. మీ ఆయన వేసిన ప్లాను ప్రకారం పోవడం కన్నా పోకపోవడమే పుణ్యమన్నాను. ఆయనతో మాట్లాడమని ఎవురు అడిగినారు, సీట్లో కూచోమంటున్నా అంతే, అంది. గ్రంథాలయంలో ముప్ఫయ్యేళ్ళు పనిచేసినవాణ్ణి. ఆ వాదనకు బదులు ఏ పుస్తకంలోనూ లేదు.

ఇక నీ ప్లాను సంగతి. తక్కువలో కాశీ అన్నావు. తక్కువ అంటే ఏమిటో బస్సెక్కాక తెలిసింది. నాకిచ్చింది వెనక చక్రం మీది సీటు. కాళ్ళ కింద వంటకు తెచ్చిన ఎర్రగడ్డల మూట, పక్కన గ్యాస్ సిలిండరు, నెత్తిమీద వంటమనిషి ఓబమ్మ గరిటెల సంచి. గుంత వచ్చినప్పుడల్లా ఆ సంచి నా బట్టతలను పలకరించేది. ముందు సీట్లన్నీ నీ వింజమూరు స్నేహితులకు. వాళ్ళు ఉదయగిరి దాటకముందే నిద్రపోయి, తిరిగి ఉదయగిరి వచ్చాకే లేచారు. కిటికీలోంచి దేశం చూద్దామని వచ్చిన నాకు మాత్రం కిటికీ అద్దానికి అడ్డంగా నీ చెంబుల బుట్ట.

పైగా అందరికీ పసుపు టోపీలు. తప్పిపోతే దొరకాలట. నేను పెట్టుకోనన్నాను. డెబ్భైనాలుగేళ్ళ మనిషి తప్పిపోవాలనుకుంటే అది అతని హక్కు. డ్రైవర్ ఖాదర్ బాషాతో నువ్వు కబురు పంపావు: ఆయన తప్పిపోతే వెతికేదానికి డీజిల్ ఖర్చు ఎవరు పెడతారో అడుగు, అని. నేను తప్పిపోతే నీ బాధ డీజిల్ గురించి!

ఆ ఖాదర్ బాషా మంచివాడు. మొదటి రోజంతా ఓపిగ్గా మన మధ్య తిరిగాడు. సార్, ఆయన అడగతా ఉండాడు, టీ తాగతారా అని. తాగనని చెప్పు. సార్, ఆయన అంటా ఉండాడు, చలిగా ఉంటే దుప్పటి ఉండాదంట. నాకు చలి లేదని చెప్పు. హైదరాబాదు దాటాక అతనికి విసుగొచ్చింది. నాగపూర్ కాణ్ణించి హిందీ నేనే మాట్లాడాల, సరే, తెలుగు నుంచి తెలుగుకి గూడా నేనే చెప్పాలంటే ఎట్టా సార్, అన్నాడు. బస్సంతా నవ్వింది. నువ్వూ నవ్వావు. నాకు అద్దంలో కనపడింది.

తిండి సంగతి రాయకపోతే ఈ ఉత్తరం అసంపూర్ణం. హోటలు మెట్లు ఎక్కకూడదన్నది నీ శాసనం. కుళాయి కనపడిన చోటల్లా బస్సు ఆగాలి, ఓబమ్మ పొయ్యి వెలిగించాలి, అందరూ పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడాలి. నాలుగు రాష్ట్రాలు దాటాం, ఒకే పప్పు, ఒకే గోంగూర పచ్చడి. జబల్పూరు దగ్గర నర్మద పాలరాతి కొండల మధ్య ఎలా పారుతుందో నేను మూడు పుస్తకాల్లో చదివాను. ఆ కొండలకు కూతవేటు దూరంలో పెట్రోలు బంకు వెనక చారు కాగుతుంటే, వంకాయలు తరిగే వాళ్ళ మధ్య నిలబడి పొద్దు గుంకడం చూశాను. ఓబమ్మను అడిగితే, నది యాడికీ పోదు సార్, చారు పొంగిపోతాది, అంది. నీ శిష్యురాలు.

సారనాథ్ మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుందని బయలుదేరకముందే నీ భార్యతో చెప్పి పంపాను. నువ్వు సరిగ్గా శుక్రవారమే తీసుకుపోయావు. ఆ మూసిన తలుపు ముందు నేను నిలబడి ఉంటే నీ కబురు వచ్చింది: మూసుంటే మంచిదే, టికెట్టు మిగిలింది. బావా, ఆ ఒక్క మాటకు నీ మీద ఇంకో కేసు వేయవచ్చు.

ఇంతకన్నా పెద్దది టోల్‌గేటు వ్యవహారం. నాగపూరు ఇంకా రాలేదు. ముందు గేటు ఉందని ఎవరో చెప్పగానే, డబ్బు మిగులుతుందని బస్సును పల్లెదారి పట్టించావు. ఖాదర్ బాషా వద్దన్నాడు. నువ్వు వినలేదు. పోగా పోగా దారి సన్నబడింది. వానకు కల్వర్టు కొట్టుకుపోయి దారి అక్కడితో ఆగిపోయింది. రెండు పక్కలా గుంతలు, వెనక్కి తిప్పుకోవడానికి చోటు లేదు. చోటంటూ ఉన్నది ఒక పత్తిచేను. దాని వాకిలికి అడ్డంగా ముళ్ళకంప.

ఆ చేను ఆసామి వచ్చాడు. ముసలివాడు, నా కన్నా ముసలి. చేతిలో కర్ర, తలకు పెద్ద పాగా. బస్సును చూసి, పసుపు టోపీలను చూసి మొదలుపెట్టాడు. ఏ భాషలోనైనా తిట్లు తిట్లలాగే వినపడతాయి. ఏమంటున్నాడని నేను ఖాదర్ బాషాను అడిగాను. తిడతా ఉండాడు సార్, అన్నాడు. బుద్ధుండేవాడు ఎవుడన్నా ఈ దారిన బస్సు తెస్తాడా అంటా ఉండాడు. మీ ఊర్లో రోడ్లు లేవా అంటా ఉండాడు. ఇంతలో ఆ ముసలాయన కర్ర పారేసి వంగాడు. ఖాదర్ బాషా ఒక నిమిషం చూసి, తిడతానే కంప తీస్తా ఉండాడు సార్, అన్నాడు.

ఒట్టి చేతులతో తీశాడు. ఒక్కో కొమ్మ లాగడం, మన వైపు తిరిగి నాలుగు తిట్లు తిట్టడం, మళ్ళీ ఇంకో కొమ్మ. బస్సు చేలోకి దిగి తిరుగుతుంటే కాయ మీదున్న పత్తి రెండు వరసలు చక్రాల కింద పడింది. అది చూసి ఇంకా పెద్దగా అరిచాడు. డ్రైవరుకు దారి చూపిస్తూనే అరిచాడు. నువ్వు దిగి సంచిలోంచి నీ తోట బత్తాయిలు తీసి ఇచ్చావు. వద్దనలేదు. ఒకటి అక్కడే ఒలిచి, నోట్లో తొన ఉండగానే మిగతా తిట్లు పూర్తిచేశాడు. మనం బయటపడ్డాక వెనక్కి చూశాను. కంప మళ్ళీ అడ్డం పెట్టలేదు. మన వెనకే ఇంకో తెలివైనవాడు వస్తాడనుకున్నాడేమో.

బస్సులో అందరూ అతని గురించే మాట్లాడారు. నువ్వు మాట్లాడలేదు. నా వైపు చూడనూ లేదు. చూసి ఉంటే బాగుండేది. నిన్ను తిట్టుకోవడానికి నాకొక కారణం దొరికేది. ఆనందమ్మ మాత్రం చూసింది. చూసి, తల తిప్పుకుని ఓబమ్మకు చిక్కుళ్ళు ఒలిచిపెట్టింది.

కాశీ చేరాం. కాశీకి పోతే ఇష్టమైనదేదో ఒకటి గంగలో వదిలి రావాలి, తిరిగి దాని జోలికి పోకూడదు. మన పెద్దలు పెట్టిన ఆచారం. నాకు నమ్మకం లేదు కానీ, నమ్మకం ఉన్నవాళ్ళు ఎలా పాటిస్తారో చూడాలనిపించింది. చూశాను. నీ స్నేహితుల్లో ఒకడు సొరకాయ వదిలాడు. జీవితంలో సొరకాయ ముట్టినవాడు కాదు. ఓబమ్మ కాకరకాయ వదిలింది. నా మొగుడికి ఇష్టం సార్, ఇంక వండే పని ఉండదు, అంది. అందరిలోకీ ఘనుడివి నువ్వు. ముక్కు పట్టుకుని మూడు మునకలు వేసి ఆపిల్ పండు వదిలావు! బావా, నువ్వు ఆపిల్ పండు కొనడం ఎవరైనా చూశారా? కొనని దాన్ని వదిలి గంగమ్మనే మోసం చేసినవాడివి, నా గట్టు మీద బాట ఉందంటే నేనెలా నమ్మాలి?

ఆనందమ్మ తడిబట్టలతో ఒడ్డుకు వచ్చింది. ఏం వదిలావమ్మా అన్నాను. సీతాఫలం, అంది.

గట్టు మీద మా నాయన నాటిన ఆ చెట్టు నీకూ తెలుసు. చిన్నప్పుడు చెల్లెలు పచ్చికాయలు కోసుకొచ్చి బియ్యం డబ్బాలో మాగబెట్టి, మాగాయో లేదోనని పూటకొకసారి నొక్కి చూసి అమ్మ చేత దెబ్బలు తినేది. అంత ఇష్టమైంది ఎందుకు వదిలావన్నాను. ఇష్టమైందే గదన్నా వదలాల్సింది, అంది. ఆ చెట్టుది తప్ప ఇంకో చెట్టుది నాకు దిగదు. ఆడికి పొయ్యేదానికి లేకుండా నువ్వు కంప కొట్టించినావు. ఇంక ఆశ ఎందుకు పెట్టుకోవాల? అని నవ్వి, కొంగు పిండుకుంది. నిష్ఠూరంగా అని ఉంటే నేనూ ఒక మాట అనేవాణ్ణి. నవ్వింది.

అప్పుడు అందరూ నన్ను పట్టుకున్నారు, మీరేం వదిలారని. చెప్పనన్నాను. నువ్వు కూడా ఖాదర్ బాషాను పంపావు. ఆయనకు సంబంధం లేని విషయమని చెప్పు, అన్నాను. తిరుగు ప్రయాణమంతా ఊహాగానాలు. ముసలాయన ఏమీ వదల్లేదు, వదిలే రకం కాదు, అని నీ వింజమూరు బృందం తేల్చింది. ఆ మాటకు నువ్వు అవుననలేదు, కాదనలేదు. పోనీ, ఆ మర్యాద ఒకటి నీ ఖాతాలో రాసుకుంటున్నాను. మిగతా అన్నీ అవతలి పక్కనే ఉన్నాయి.

వచ్చే ఏడాది పూరీకి బస్సు వేస్తున్నావని అప్పుడే చాటింపు వేస్తున్నావట. నన్ను పిలవకు. పిలిస్తే మాత్రం కిటికీ పక్కన సీటు, ముందు వరసలో. ఎర్రగడ్డలు ఇంకెవరి కాళ్ళ కిందయినా పెట్టుకో. మ్యూజియాలు ఏ రోజున తెరుస్తారో నన్నడిగి బయలుదేరు.

ఇట్లు,
ఇప్పటికీ నీతో మాట్లాడని నీ బావమరిది,
పెంచలయ్య.

తా.క.: నేనేం వదిలానో నీకొక్కడికే రాస్తున్నాను, బస్సంతా చెప్పకు. ఒడ్డున నిలబడి నాకేది ఇష్టమా అని వెతుక్కున్నాను. కూరలూ పండ్లూ ఏవీ తట్టలేదు. పుస్తకాలు నేను వదిలేదేమిటి, కళ్ళు మసకబారాక అవే నన్ను వదులుతున్నాయి. పొద్దున్నే లేచి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఉత్సాహంగా నేను పోయే చోటు ఈ లోకంలో ఒక్క ఆత్మకూరు కోర్టు. వాయిదా దగ్గరపడితే ముందు రోజు నుంచే ఆకలి పుడుతుంది. బస్సులో నీ వీపు వెనక కూర్చుని నిన్నెలా ఓడించాలా అని ఆలోచిస్తుంటే దారి తెలియదు. అంత ఇష్టమైంది నాకు ఇంకేదీ లేదు బావా. దాన్నే వదిలాను.

నిన్న ఆత్మకూరు పోయి కేసు వాపసు తీసుకుంటానని లాయరుకు చెప్పాను. నాకన్నా ఆయనే ఎక్కువ దిగులుపడ్డాడు. బాట నీదని ఒప్పుకున్నట్టు కాదు, గుర్తుంచుకో. బాట నాదే. నీ ట్రాక్టరు నా బాట మీద పోతుంది. కంప ఈ పొద్దున నేనే దగ్గరుండి తీశాను. తీస్తున్నంతసేపూ నిన్ను ఏమేం అన్నానో అక్కడున్న కూలీలను అడుగు, చెబుతారు.

ఈ ఏడు గట్టు మీది చెట్టు విరగకాసింది. కొమ్మలు నేలకు వంగాయి. ఆ పిల్ల ఇంకొక్క మునక ఆగి ఉంటే, కంప తీసేస్తానని నేను ముందు చెప్పేవాణ్ణి. వదిలింది మళ్ళీ నోట పెట్టదు, దాని పట్టుదల నాకు తెలుసు, మా నాయన పోలిక. తినకపోతే మానె, ఒకసారి వచ్చి కోసుకుపొమ్మను. బియ్యం డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది. నీ ట్రాక్టరు మాత్రం ఆ చెట్టు కొమ్మకు తగిలిందా, మరుసటి రోజే కోర్టుకు పోతాను. నేను కాశీలో వదిలింది ఆ ఒక్క కేసే.