ఒంటి బూట్లు

అక్కా, నేను కులాసా. దేశం కాని దేశంలో ఉన్నానని అమ్మను బెంగపడొద్దను. బెంగంతా నాకే. వచ్చే వారం ఇంటికి బయల్దేరుతున్నానని అనాథాశ్రమం పిల్లలకు తెలిసిపోయింది. నిన్న పొద్దున నా బూటు ఒకటి మాయం. "బుజ్జిదాని మంచం కింద పెట్టె చూడమ్మా" అంది వంటావిడ. బుజ్జిదంటే ఇక్కడి పిల్లలందరిలోకీ చిన్నది. చూస్తే నా బూటుతో పాటు, నాకంటే ముందు నాలాగే సేవకని వచ్చి వెళ్లినవాళ్ల బూట్లు. అన్నీ ఒంటివే. అంటే ఒక్కరూ ఆగలేదన్నమాట. చప్పుడు కాకుండా పెట్టె మూసేశాను.

నీ చంటిది కాళ్లు చుట్టేసుకుంటే ఏం చెప్పి డ్యూటీకి వెళ్తావు? నువ్వైతే సాయంత్రానికి తిరిగొస్తావు, నేను రానుగా. వెంటనే రాయి. నాన్న దగ్గు తగ్గిందా? కుట్టుమిషను బాగు చేయించారా? బావగారికి నమస్కారాలు, చంటిదానికి ముద్దులు.

మేజోళ్ల మీద రబ్బరు చెప్పులేసుకుని తిరుగుతున్నాను. బూటు ఇంకా అడగలేదు.

నీ చెల్లి