టెస్ దరఖాస్తు మీద సంతకం

మారీన్ పిన్నీ,

మీ అమ్మాయి టెస్ దరఖాస్తు గురించి పది రోజులుగా నేను పలకకపోయేసరికి, ఆ పిల్ల మీద నాకు అసూయ అని అమ్మతో అన్నావట. ఎకనామిక్స్ చదివి మూడు ఉద్యోగాలు మానేసినదాన్ని కాబట్టి చురుకైన పిల్లల్ని చూసి ఓర్వలేనని కూడా అన్నావట. హైస్కూలు పిల్లలకు మా యూనివర్సిటీ పెట్టే వేసవి ఎకనామిక్స్ కోర్సుకు దరఖాస్తులు చదివేది నేనే కదా, టెస్ సంగతి చూడమన్నావు. చూశాను.

దరఖాస్తుతో పంపిన వ్యాసం అద్భుతంగా ఉంది. ఊళ్లో ఇళ్ల అద్దెల గురించి ఈ ఏడాది అంత బాగా ఎవరూ రాయలేదు. "ఇది నేనే స్వయంగా రాశాను, ఎవరి సాయమూ తీసుకోలేదు" అన్న మాట కింద విద్యార్థి సంతకం చేయాలి. అక్కడ నీ సంతకం ఉంది. కిండర్‌గార్టెన్ నుంచీ దాని కాగితాలన్నిటి మీదా నువ్వే పెడుతున్నావు, అలవాటుగా చెయ్యి వెళ్లిపోయి ఉంటుంది.

టెస్‌కి ఫోన్ చేశాను. "అక్కా, నేనక్కడ మూడు వారాలు గ్రాఫులు గీస్తూ కూర్చుంటే, స్విమ్మింగ్ పూల్ దగ్గర నా వేసవి ఉద్యోగం, ఆ లైఫ్‌గార్డ్ కుర్చీ, ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఒకటి తీసుకుంటే ఇంకోటి పోతుందని అమ్మకి ఎవరు చెప్తారు బాబూ?" అంది. మొదటి వారమంతా మేం చెప్పే పాఠం అదే.

నిజమైన ఆసక్తి ఉన్నవాళ్లకే సీటివ్వాలని మా నియమం. ఆ వ్యాసం రాసిన మనిషికి ఆసక్తి పుష్కలంగా ఉంది. కానీ వయసు నలభై తొమ్మిది, మేం పద్దెనిమిది దాటినవాళ్లను తీసుకోం.

దరఖాస్తు తిరస్కరించాను. ఆ కుర్చీ వదలొద్దని టెస్‌కి చెప్పింది కూడా నేనే.